నాలుగు బూరెల ఫైలు

భీమేశ్వరంగారు తిన్నవి నాలుగు బూరెలు. అవి కడుపులో అరగడానికి ఒక పూట పట్టింది. ఆఫీసులో అరగడానికి నలభై ఒక్క రోజులు పట్టింది.

ఆఫీసంటే కాలవగట్టు మీదున్న రాష్ట్ర గోనెసంచుల సంస్థ ప్రాంతీయ కార్యాలయం. ముందు రెండు గదులు, వెనక పెద్ద గోడౌను. వచ్చిన సంచుల కట్టలను కాటా వేయడం, తడిసినవీ చిరిగినవీ ఉంటే పక్కన పెట్టి ఎర్రచీటీ కట్టడం, ఆ చీటీ ఎవరు విప్పాలో తేలేదాకా కాపలా కాయడం – అక్కడ జరిగే పని ఇదే. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేసీ చేసీ అక్కడివాళ్లకి లోకంలో ఏది చూసినా సంచిలాగే కనిపించేది. అది తప్పు కాదు, అలవాటు.

ఆ ఏడు వేసవిలో ప్రధాన కార్యాలయంలో పెద్దాయన అన్నం మానేశారు. మానేసిన పదిహేను రోజులకే ఆయన నడుం రెండంగుళాలు తగ్గిందట. అంత మేలు తానొక్కడే అనుభవించడం న్యాయం కాదని, ‘ఆరోగ్య పథం’ అనే పథకం పెట్టి, పదహారు పేజీల సర్క్యులర్ రాష్ట్రమంతా పంపారు. ప్రతి ఉద్యోగీ తన ఆహార పథమేదో రాసివ్వాలి. ప్రతి సోమవారం బరువు చూసుకోవాలి. మనుషుల్ని తూచే యంత్రం పంపలేదు కాబట్టి గోడౌనులో సంచుల కాటా మీదే నిలబడేవాళ్లు. సంచికి ఆరువందల గ్రాములు తరుగు తీసెయ్యడం అక్కడి ఆనవాయితీ. మనుషులకి కూడా ఒంటిమీద బట్టల కింద అంతే తీసేసేవాళ్లు. చీరకీ ఆరువందలే, పంట్లాముకీ ఆరువందలే.

ఆ సర్క్యులర్లో తొమ్మిదో పేరా భీమేశ్వరంగారికి చాలా నచ్చింది. “పథము తప్పిన ఉద్యోగి భయపడనక్కరలేదు. స్వచ్ఛందముగా ప్రకటించినచో సంస్థ అతనిని తల్లివలె చేయి పట్టుకొని తిరిగి పథములోనికి తీసుకొనివచ్చును.” ఆయన అచ్చులో ఉన్నదాన్ని నమ్మే మనిషి. క్యూలో తన వెనకవాడు తొందరపడితే ముందు నిలబెట్టే మనిషి. యాభై ఏడేళ్లు, సీనియర్ అసిస్టెంటు. భార్య సుభద్ర పోయి రెండేళ్లయింది.

వంట ఆయనే చేసుకునేవారు. పొద్దున జొన్నరొట్టె, మధ్యాహ్నం బీరకాయో సొరకాయో, రాత్రి మజ్జిగ. ఒంట్లో షుగరుంది. దానికి తోడు కుడికంట్లో శుక్లం ముదిరింది, ఎడమకన్ను అంతకు ముందే అంతంతమాత్రం. సుభద్ర వంటింట్లో ప్రతి డబ్బా మీదా కాగితం అంటించి తన గుండ్రటి అక్షరాలతో పేరు రాసి పెట్టింది. ఇప్పుడవి ఆయనకి ముగ్గులో చుక్కల్లా అలుక్కుపోయి కనిపించేవి. జీలకర్ర అనుకుని సోంపు తాలింపు వేసిన రోజులున్నాయి. బెల్లం డబ్బా ఒకదాని మీద మాత్రం రెండు వరుసలుండేవి. కింది వరుస తేదీ అయివుంటుందని ఆయన అనుకునేవారు.

“షుగరు నూట యాభై లోపల ఉంటేనే కన్ను ముట్టుకుంటాను మాష్టారూ,” అన్నాడు రాజమండ్రి కంటి డాక్టరు. మాష్టారు కాదని చెప్పినా ఆయన అలాగే పిలిచేవాడు. “వచ్చే నెల ఇరవై నాలుగున రండి. కట్టు విప్పాక మీ ఆవిడ రాసిన డబ్బాలన్నీ చదువుకుందురుగాని.”

అలాంటి రోజుల్లో మేనేజరు ధనుంజయరావుగారి గృహప్రవేశం వచ్చింది. పంక్తిలో వడ్డించిన పూర్ణం బూరె నడుమ వేలితో గుంట చేసి నెయ్యి పోశారు మేనేజరుగారి భార్య రాజరాజేశ్వరిగారు. భీమేశ్వరంగారు మొహమాటానికి ఒకటి నోట్లో పెట్టుకున్నారు. యాలకుల పొడిలో చిటికెడు పచ్చకర్పూరం, పప్పు మరీ మెత్తగా కాకుండా పంటికి తగిలేలా. అచ్చం సుభద్ర చేతి బూరె. రెండేళ్ల తర్వాత ఆ చెయ్యి తగిలేసరికి ఆయన ఎన్ని తిన్నదీ చూసుకోలేదు. విస్తరి మడిచేటప్పుడు పక్కనున్నాయన చెప్పాడు, నాలుగని.

మర్నాడు పొద్దున్నే లేచి ఆయన కాలవగట్టు వెంట లాకుల దాకా నడిచి వచ్చారు. రొట్టె తిన్నారు, బీరకాయ కూర తిన్నారు. నిజానికి అక్కడితో కథ అయిపోయింది. కానీ తొమ్మిదో పేరా గుర్తుండి, ఆఫీసుకు వెళ్లగానే తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు రాసి మేనేజరుగారి ముందు పెట్టారు.

ధనుంజయరావుగారు అది రెండుసార్లు చదివారు.

“ఎంత పని చేశారండీ భీమేశ్వరంగారూ!”

“నాలుగేనండి.”

“నాలుగు తింటే తిన్నారు. ప్రకటించారు చూశారూ, అదీ చిక్కు. తిన్నది మా ఇంట్లోనే కదా, నాతో చెవిలో చెబితే సరిపోయేది. కాగితం మీద పెట్టాక అది కాగితమైపోతుంది.”

“పొద్దున లాకుల దాకా నడిచానండి. రొట్టె తిన్నాను. మళ్లీ దార్లో పడ్డట్టేనండి.”

“మీరెలా పడతారండీ? మిమ్మల్ని తీసుకురావలసింది సంస్థ. మీ అంతట మీరు వచ్చేస్తే సంస్థ ఎవర్ని తీసుకొస్తుంది?”

తీసుకురావడం ఎలాగో సర్క్యులర్లో పదహారు పేజీలు వెతికినా దొరకలేదు. రూలు లేనిచోట దగ్గర్లో ఉన్న రూలు పట్టుకోవాలన్నది ఆ ఆఫీసు సంప్రదాయం. దగ్గర్లో ఉన్నది వివాదాస్పద సరుకు నిబంధనల పుస్తకం. అందులో పద్నాలుగో నిబంధనను మేనేజరుగారు పైకి చదివారు:

“తగాదాలో నున్న సరుకును, తగాదా తలెత్తిన నాటి స్థితిలోనే, విచారణ ముగియు వరకు ఉంచవలెను. తడిసినది తడిగాను, చిరిగినది చిరుగుతోను ఉండవలెను. ఆరబెట్టుట, కుట్టుట నిషిద్ధము.”

చదివి, కళ్లజోడు తీసి, సంతృప్తిగా తుడుచుకున్నారు.

“అర్థమైందా? మీరు పొద్దున నడవడం ఆరబెట్టుట కిందికి వస్తుంది. రొట్టె తినడం కుట్టుట. విచారణాధికారి వచ్చేసరికి మీరు మామూలుగా ఉంటే, ఆయన ఏం విచారిస్తాడు?”

“మరి నన్నేం చేయమంటారండి?”

“ఏమీ చేయకండి. తగాదా తలెత్తిన నాటి స్థితిలో ఉండండి. రోజుకి నాలుగు.”

“అంటే రోజూ బూరెలు తినాలాండీ?”

“తినడం అనకండి. యథాస్థితి పరిరక్షణ అనండి.”

సోమవారానికల్లా ఉత్తర్వు టైపయింది. సదరు ఉద్యోగి ప్రతి పనిదినమున మధ్యాహ్నం ఒంటిగంటకు, ఇద్దరు సాక్షుల సమక్షమున, నెయ్యితో సహా నాలుగు బూరెలు భుజించవలెను. బూరెలు మాతృకతో సమానముగ ఉన్నట్లు మేనేజరు ప్రతిదినము ధ్రువీకరించవలెను. వివాదాస్పద సరుకు గోడౌను దాటరాదన్న పదిహేడో నిబంధన ప్రకారం ఆయన సాయంత్రం ఇంటికి వెళ్లకూడదు. మేనేజరుగారు దయగల మనిషి కాబట్టి, భీమేశ్వరంగారి అద్దెయింటిని గోడౌనుకు అనుబంధ షెడ్డుగా ప్రకటించి ఆ ఇబ్బంది తొలగించారు. చొక్కా రెండో గుండీకి ఎర్రచీటీ కట్టారు. దాని మీద ‘వివాదాస్పదం – స్థితి మార్చరాదు’ అని ఉంది. దారిలో టీకొట్టువాడు ఆ చీటీ చదివి, అడగకుండానే వేస్తున్న పంచదార స్పూను గ్లాసు మీదే ఆపి, “ఏంటండీ, వేస్తే మారతారా, వెయ్యకపోతే మారతారా?” అని అడిగాడు.

బూరెలు చేసే పని అటెండరు నూకరత్నానికి పడింది. ఆవిడ ఉద్యోగంలో చేరకముందు లాకుల దగ్గర పెసరట్ల బండి నడిపిన మనిషి. రాజరాజేశ్వరిగారు కొలతలు రాసి పంపారు. మొదటిరోజు నూకరత్నం బూరెల పళ్లెం టేబుల్ మీద పెడుతూ అంది:

“ఏటండీ బాబుగారూ ఇది! షుగరున్న మనిసికి బూరెలు పెట్టమని గవర్నమెంటోళ్లు కాయితం రాత్తారా?”

“తప్పదు నూకరత్నం. విచారణ అయ్యేదాకానే.”

“ఇచారణ అయ్యేసరికి మీరుండాలి గదండీ.”

సాక్షులిద్దరూ ఈ మాట రికార్డు చేయాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకుని, వద్దనుకున్నారు.

తొమ్మిది పనిదినాలు గడిచాయి. అచ్చం సుభద్ర చేతి బూరె అని ఏ రుచిని చూసి ఆయన గుండె కరిగిందో, ఆ రుచి ఇప్పుడు ఒంటిగంట కొట్టేసరికి కడుపులో బండరాయిలా దిగేది. రాత్రిళ్లు మజ్జిగ కూడా మానేశారు. అయినా పరీక్ష చేయిస్తే షుగరు రెండువందల డెబ్బై చూపించింది. ‘నమూనా పరీక్ష నిమిత్తం’ అని అనుమతి తీసుకుని ఆదివారం రాజమండ్రి వెళ్లారు. కంటి డాక్టరు కాగితం చూసి నెత్తి కొట్టుకున్నాడు.

“మాష్టారూ, ఇలాగైతే ఇరవై నాలుగు లేదు, ఏ నాలుగూ లేదు. ఈసారి తప్పితే మళ్లీ ఆర్నెల్ల దాకా నాకు ఖాళీ లేదు. ఆ శుక్లం అప్పటిదాకా ఊరుకోదు. ఇంతకీ ఏం తింటున్నారు?”

“యథాస్థితి అండి,” అన్నారు భీమేశ్వరంగారు. డాక్టరు అదేదో కొత్తరకం మిఠాయి అనుకుని, వెంటనే మానేయమన్నాడు.

మర్నాడు ఆపరేషనుకి నాలుగు రోజుల సెలవు కావాలని అర్జీ పెట్టుకున్నారు. మేనేజరుగారు బాధగానే తిప్పి పంపారు. నమూనాగా ఒక పూట వెళ్లి రావడం వేరు, తగాదా తేలకుండా సరుకు నాలుగు రోజులు జిల్లా దాటి ఉండడం ఆ సంస్థ చరిత్రలోనే లేదు. పైగా కన్ను బాగైతే స్థితి మారినట్టే.

“విచారణాధికారి ఎప్పుడొస్తారండి?”

“వస్తారు. ఆయన ప్రస్తుతం పై జిల్లాలో ఒక టైపిస్టు తిన్న పకోడీల మీద ఉన్నారు.”

ఆ రోజు ఒంటిగంటకి భీమేశ్వరంగారు బూరె తుంచి నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. తీపి లేదు. లోపల ఉడికించి మెదిపిన ఉత్త శనగపప్పు, ఒక ఉప్పుకల్లు, కాస్త యాలకుల వాసన. నెయ్యిగిన్నెలో ఉన్నది నెయ్యి కాదు, పసుపు కలిపిన పల్చటి గంజి. ఆయన తలెత్తి చూశారు. నూకరత్నం కిటికీలోంచి కాలవ కేసి చూస్తోంది. కాలవలో అంతగా చూడవలసిందేమీ లేదు.

ఆయన నాలుగూ తిని, “అయిందండి,” అన్నారు సాక్షులతో. ఆ మాటలో ఎక్కడో ఒక తడి ఉంది గాని, సాక్షులు అప్పటికే ఆ వారం మొత్తానికీ సంతకాలు పెట్టేసి లేచిపోతున్నారు.

గ్లాసుతో మంచినీళ్లిస్తూ నూకరత్నం గొంతు తగ్గించి అంది: “రంగు రావాలి గదాని నూనెలో ఏపానండి. రేపట్నించి కూసింత సైజు కూడా తగ్గిత్తాను. కాయితంలో నాలుగని రాసేరు గానీ ఎంతేసి అని రాయలేదు గదండీ.”

“నీకు మాటొస్తుందేమో నూకరత్నం.”

“రానివ్వండి. అమ్మగారు బతికుండగా నా కూతురు పురిటికి పాతచీరలు సదిరి పంపేరు. మీకు తెలీదులెండి.”

నిజంగానే ఆయనకి తెలియదు. పోయిన మనిషి గురించి కొత్త సంగతి ఒకటి తెలియడం ఎంత భాగ్యమో ఆ మధ్యాహ్నమంతా ఆయన ఆలోచిస్తూ కూర్చున్నారు.

బూరెలు నిమ్మకాయ నుంచి రేగుపండుకి, రేగుపండు నుంచి ఉసిరికాయకి దిగాయి. ధనుంజయరావుగారు రోజూ ‘రుచి, రంగు, పరిమాణము మాతృకతో సరిచూడడమైనది’ అనే కాగితం మీద సంతకం చేస్తూనే ఉన్నారు. ఆయన అవి చూసిందీ లేదు, రుచి చూసిందీ లేదు. కాగితం చూశారు, అది బాగానే ఉంది. ఎర్రచీటీ చొక్కా జేబులో దాచుకుని భీమేశ్వరంగారు తెల్లవారుజామునే లాకుల దాకా నడవడం మొదలుపెట్టారు. ఆపరేషనుకి ఇంకా పదకొండు రోజులుందనగా షుగరు నూట అరవైకి దిగింది.

ఇరవయ్యో తేదీ పొద్దున, అంటే బూరెలు తిన్న నలభై ఒకటో రోజున, విచారణాధికారి డాక్టర్ పరాంకుశంగారు జీపు దిగారు. గోనెనారలో తేమ మీద పరిశోధన చేసి డాక్టరయిన మనిషి. వస్తూనే తేమ కొలిచే మీటరు తీసి భీమేశ్వరంగారి మోచేతికి ఆనించారు.

“పద్నాలుగు శాతం. అనుమతింపదగినదే. సరుకు కొంత చిక్కినట్లున్నదే?”

“నిల్వలో సహజ తరుగండి,” అన్నారు ధనుంజయరావుగారు.

“సహజము. నమూనాను తెప్పించండి.”

నూకరత్నం పళ్లెం తెచ్చి పెట్టింది. గాజులు చప్పుడు కాకుండా రెండో చేత్తో పట్టుకుంది. పరాంకుశంగారు స్కేలు పెట్టి బూరె కొలిచారు.

“శ్రీమతి రాజరాజేశ్వరిగారి కొలతల ప్రకారము నిమ్మకాయ ప్రమాణము. ఇది ఉసిరిక.”

“అదీ తరుగేనండి సార్,” అన్నారు సాక్షులిద్దరూ ఒక్కసారిగా. అంత మంది కలిసి చెప్పిన తరుగును కాదనడం ఆ సంస్థలో ఎవరివల్లా కాదు. పరాంకుశంగారు తలాడించి, బూరె మొత్తంగా నోట్లో వేసుకున్నారు. నమిలారు. నమలడం ఆపారు. మళ్లీ నమిలారు. ఇంకొకటి తీసుకుని అలాగే పరీక్షించారు.

“ధనుంజయరావుగారూ, ఒకటి తీసుకోండి.”

మేనేజరుగారు తీసుకున్నారు. ఆయన మొహంలో రంగు మెల్లగా దిగిపోయింది.

“ఇందులో మాధుర్యము బొత్తిగా లేదు,” అన్నారు పరాంకుశంగారు. “మీ గృహమున వడ్డించిన బూరె కూడ ఇట్లే ఉండినదా? అట్లు లేదన్నచో యథాస్థితి భగ్నమైనట్లు. దానిని ముప్పదియొక్క దినములు తమరు తప్పుడుగా ధ్రువీకరించినట్లు. సరుకును తాజాగా, తొలిదినము నుండి, మరల యథాస్థితిలో నుంచవలసియుండును. ఇట్లే ఉండినదన్నచో ఏ చిక్కూ లేదు. చెప్పండి.”

కొత్త ఇల్లు, ఊరంతా వచ్చి మెచ్చుకున్న బూరెలు, రాజరాజేశ్వరిగారి మొహం ధనుంజయరావుగారి కళ్లముందు ఒక్కొక్కటిగా తిరిగాయి. తర్వాత ముప్పై ఒక్క సంతకాలు తిరిగాయి.

“ఇలాగే... ఉండిందండి,” అన్నారు. “మా ఇంట్లో తీపి... తక్కువేనండి.”

“సరుకు వాంగ్మూలము కూడ కావలెను. భీమేశ్వరముగారూ, ఆనాడు భుజించునప్పుడు మీకు తీపి తెలిసినదా?”

భీమేశ్వరంగారు లెక్క వేసుకున్నారు. ఇంకో నాలుగు రోజుల్లో ఆపరేషను. ఒక్కమాట, ‘లేదండి’ అంటే చాలు. కానీ ఆ బూరెని ఆయన ఎలా చప్పగా ఉందనగలరు? తీపి ఉందంటే నూకరత్నం ఉద్యోగం పోతుంది, తన కన్ను పోతుంది. నూకరత్నం అడుగు దూరంలో నిలబడి మళ్లీ కాలవకేసి చూస్తోంది.

“నిజం చెప్పమంటారాండీ?” అన్నారు చివరికి. “అది నోట్లో పెట్టుకోగానే పోయిన మా ఆవిడ గుర్తొచ్చిందండి. ఆ తర్వాత నాలుక మీద ఏముందో నాకు తెలియలేదు. తీపి సంగతి గమనించలేదండి.”

పరాంకుశంగారు క్షణం ఆయన వైపు చూశారు. ఆ క్షణంలో ఆయన ఉత్త మనిషిలాగే ఉన్నారు. తర్వాత గుమాస్తా వైపు తిరిగి చెప్పారు: “రాయండి. తీపి గమనింపబడలేదు.”

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. బూరెలలో తీపి లేనందున పథము తప్పినట్లు రుజువు కాలేదు. తప్పని వానిని తిరిగి తీసుకొనివచ్చుట అసాధ్యము గనుక ఫైలు మూసివేయడమైనది. యథాస్థితి ఎత్తివేయడమైనది. ఎర్రచీటీని రసీదుపై వాపసు చేయవలెను. చివర ఇంకో పేరా ఉంది: సదరు బూరెలు మాధుర్యరహితములుగా రుజువైనందున వాటిని ఆరోగ్య పథం ఆదర్శ వంటకముగా గుర్తించి, వండిన శ్రీమతి రాజరాజేశ్వరి ధనుంజయరావుగారికి అభినందన పత్రము ఇంటి చిరునామాకు పంపడమైనది.

ఆ పత్రం ధనుంజయరావుగారికంటే ముందే ఇంటికి చేరింది. మర్నాటి నుంచి ఆయన క్యారియరులో వచ్చిన పప్పులో ఉప్పుండేది కాదు, చారులో పులుపుండేది కాదు. ఎవరైనా అడిగితే, “యథాస్థితండీ,” అనేవారు నెమ్మదిగా.

ఇరవై నాలుగో తేదీ పొద్దున భీమేశ్వరంగారి షుగరు నూట నలభై ఎనిమిది. డాక్టరు కన్ను ముట్టుకున్నాడు.

కట్టు విప్పి, చుక్కలు వేసుకునే రోజులు గడిచి, కొత్త అద్దాలు వచ్చిన పొద్దున ఆయన వంటింట్లో నిలబడ్డారు. జీలకర్ర. సోంపు. మెంతులు. గుండ్రటి అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి, నిన్ననే రాసినట్టు. ఒక్కొక్క డబ్బా దింపుతూ, చదువుతూ, మళ్లీ పెడుతూ పై అరలో బెల్లం డబ్బా దాకా వచ్చారు. కింది వరుస తేదీ కాదు.

‘బెల్లం. మీక్కాదు. పండక్కి ఒక్క బూరె, అంతే.’

ఆ ఆదేశానికి నంబరు లేదు, సంతకం లేదు, సాక్షులు లేరు.

“మూడెక్కువయ్యాయే,” అన్నారు డబ్బాతో.

తర్వాత మూత బిగించి పై అరలో పెట్టి, జొన్నపిండిలో వేణ్ణీళ్లు పోశారు.